సంతకం మన చేతిలోనే ఉంది
(మండల మహాసభలో కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)

గిట్టుబాటు ధర గురించి, కాలువల పూడిక గురించి పెద్దలు ఇప్పటికే చెప్పారు. మేము మన సంఘం గురించే నాలుగు మాటలు చెబుతాం. కొన్ని మాటలు నొప్పిస్తే మన్నించండి. అవి ముందు మాకే తగిలిన మాటలు.

మన సభ్యత్వ ఫారం ఒకసారి తీసి చూడండి. పేరు, ఊరు అయ్యాక పట్టాదారు పాసు పుస్తకం నంబరు రాయమని ఒక గడి ఉంది. ఆ గడి పెట్టిన రోజుల్లో పట్టా ఎవరిదో చేలో దిగేది కూడా చాలావరకు వాళ్లే. ఇవాళ భూమి ఉన్నవాళ్ల పిల్లలు హైదరాబాదులోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో ఉన్నారు. నిన్నటిదాకా మన దగ్గరకు కూలికి వచ్చినవాళ్లే ఇవాళ మన పొలాలు కౌలుకు చేస్తున్నారు. వాళ్లు ఆ గడిలో ఏం రాయాలి?

ఇది మన ఊరి సంగతి ఒక్కటే కాదు. 2001 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద సాగుదారులు 12.73 కోట్లు, వ్యవసాయ కూలీలు 10.68 కోట్లు. 2011 వచ్చేసరికి సాగుదారులు 11.88 కోట్లకు తగ్గారు, కూలీలు 14.43 కోట్లకు పెరిగారు. పొలంలో పనిచేసే మనిషి మారిపోయాడు. మన ఫారం మాత్రం మారలేదు.

1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ పుట్టినప్పుడు స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షులు, మన ఎన్.జి.రంగా గారు ప్రధాన కార్యదర్శి. అప్పుడు పోరాటం జమీందారు మీద. ఎదుటివాడు ఎవరో అందరికీ కనపడేది. ఇప్పుడు కౌలు ఇచ్చేవాళ్లు, కౌలు చేసేవాళ్లు ఒకే షామియానా కింద కూర్చుని ఉన్నాం. అందుకే ఈ మాట ఎత్తడానికి ఇన్నేళ్లు జంకాం.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. వరి పనలు నీళ్లలో మొలకెత్తిన సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. మా పక్క చేను కౌలు రైతుది. నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు అడిగితే చూపించడానికి అతని దగ్గర కార్డు లేదు. ఈ-పంటలో పేరు భూమి యజమానిది. పరిహారం యజమాని ఖాతాలో పడింది. కౌలు మాత్రం మాఫీ కాలేదు. బయట ధాన్యం కొని మరీ కొలిచాడు. ఆ యజమాని మన సంఘం పాత సభ్యుడే. వెళ్లి అడుగుదామని కమిటీలో అనుకున్నాం, కానీ అడగలేదు. ఎందుకంటే కమిటీలో భూమి కౌలుకిచ్చిన మేము ముగ్గురమూ మా కౌలుదారులకు సంతకం పెట్టలేదు. ఏ ముఖంతో అడుగుతాం?

2011 చట్టం రుణ అర్హత కార్డు ఇచ్చింది. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చాక కార్డు కావాలంటే యజమాని సంతకం తప్పనిసరి అయింది. సంతకం పెడితే భూమి పోతుందని మనలో భయం. ఆ కార్డు గడువు 11 నెలలు. అది పంట మీద హక్కే గానీ భూమి మీద హక్కు కాదని చట్టంలోనే ఉంది. పీఎం కిసాన్ 6 వేలు కూడా ఆగవు. ఒక్క ఇబ్బంది మాత్రం నిజం. మన పేర పంట రుణం ఉంటే, అదే భూమి మీద బ్యాంకు కౌలు రైతుకు రుణం ఇవ్వదు. పంట వేయనివాళ్లం పంట రుణం ఎందుకు వాడుకుంటున్నామో మనమే ఆలోచించుకోవాలి.

ఇక ఆడవాళ్ల సంగతి. నాట్లు, కలుపు, మినుము తీత వాళ్ల చేతుల మీదే నడుస్తాయి. మన కమిటీలో ఒక్క ఆడమనిషి లేదు. మీటింగు పొద్దున పదింటికి పెడతాం. ఆ వేళకు వాళ్లు చేలో ఉంటారు. రాలేదని మళ్లీ మనమే అంటాం.

అందుకని కమిటీ నాలుగు తీర్మానాలు మీ ముందు పెడుతోంది. ఫారంలో పాసు పుస్తకం గడి తీసేసి, ఎన్ని ఎకరాలు సాగు చేస్తున్నారో, కూలి పనైతే ఏ పనో రాయమందాం. మీటింగులు ఇకమీదట రాత్రి ఏడింటికి, ఒకసారి ఊళ్లో, ఒకసారి కాలనీలో పెడదాం. నాట్ల ముఠాలు నడిపే అక్కల్లో ఇద్దరిని కమిటీలోకి తీసుకుందాం. భూమి కౌలుకిచ్చిన సభ్యులందరూ కార్డు మీద సంతకం పెట్టాలి, పంట పోయిన ఏడాది కౌలు తగ్గించాలి. యజమాని సంతకంతో పని లేకుండా గ్రామసభే సాగుదారుని తేల్చాలన్న డిమాండుతో తహశీల్దారు ఆఫీసుకు కూడా వెళదాం. అయితే మన సంతకం మనం పెట్టి వెళితేనే ఆ మాటకు విలువ.

దీనివల్ల కొందరు సభ్యులు దూరమవుతారని ఒక పెద్దాయన అన్నారు. కావచ్చు. ఇలాగే ఉంటే పదేళ్లకు ఈ షామియానా కింద పొలంలో దిగే మనిషి ఒక్కడూ ఉండడు.

కార్డు దరఖాస్తులు ఆ బల్ల మీద ఉన్నాయి. పైన ఉన్న మూడూ మావి. కౌలుదారులను వెంటబెట్టుకుని వచ్చాం, సంతకాలు పెట్టేశాం. నాలుగోది ఎవరిదో భోజనాలకు లేచేలోపు చూద్దాం.