స్వతంత్రవ్యాపారము - భయసందేహములు
(మహాసభయందుఁ జదివిన యుపన్యాసము)



మన పద్మశాలీయ యువకులలో ననేకులు కూలినేఁత విడిచి, నూలు తామే కొని, మగ్గములు పెట్టించి, సరకు స్వంతముగా నమ్ముకొనవలెనని తలంచుచున్నారు, తలంచి యాగిపోవుచున్నారు. వారి నాపునది పెట్టుబడిలేమి మాత్రమే కాదు. భయమును, తమయెడఁ దమకే గల యవిశ్వాసమును. ఈ రెంటిని గూర్చి నాలుగుమాటలు విన్నవించుట మా యుద్దేశము.

భయము దుర్గుణమని మేము చెప్పము. ఆలుబిడ్డలు గలవాఁడు అప్పుచేయ జంకుట వివేకమే. నూలుధర మన చేతిలో లేదు. ముసురు పట్టినచో వీథిలోఁ బడుగు సాఁగదు, గుంటమగ్గమున నీరూరును. నేసిన చీర పండుగవఱకు పెట్టెలో నుండవచ్చును. కూలి మాత్రము వేళకుఁ జెల్లింపవలెను. ఇవి యెఱుఁగనివాఁడు ధైర్యశాలి కాఁడు, అమాయకుఁడు.

అయితే మనసులో నున్నంతకాలము భయమునకుఁ గొలత లేదు. కాగితముపైఁ బెట్టినతోడనే దానికొక యంకె యేర్పడును. ఒక్క చీరయు నమ్ముడుపోకున్నచో నెన్నినెలలు ఇల్లు గడచును? సరకు సగముధరకుఁ బోయినచో నప్పెంత మిగులును? ఈ రెంటికి నంకెలు వ్రాసికొని, ఆ నష్టము నోర్వఁగలిగినంతమేరకే మగ్గములు పెట్టవలెను. పదింటికి జంకువాఁడు రెండింటితో నారంభించుట పిఱికితనము కాదు. ఇంటిపద్దు, అంగడిపద్దు వేఱుగా నుండవలెను. వడ్డీవ్యాపారికన్న ముందు బ్యాంకు నడుగవలెను: 2015లో నేర్పడిన ముద్రా పథకమునఁ దొలిమెట్టగు శిశుఋణము 50,000 రూపాయలవఱకు తాకట్టు లేకయే యొసఁగఁబడును. 2006 నాఁటి చట్టము ననుసరించి, నమోదైన చిన్న యుత్పత్తిదారుని సరకు కొన్నవాఁడు 45 దినములకు మించి బాకీ నిలుపరాదు. ఇవి తెలిసినకొలఁది భయము తగ్గును.

ఇఁక ఆత్మసందేహము. “చదువులేనివారము, మాచేత నగునా?” యనువారు చింతకింది మల్లేశముగారిని దలంపవలెను. ఆలేరు ప్రాంతపు నేఁతకుటుంబమునఁ బుట్టిన వారు ఆఱవతరగతితోఁ జదువు మానిరి. ఆసు పోయుటలోఁ దల్లి భుజము నొచ్చుటఁ జూచి యంత్రము చేయఁబూనిరి. 1992లో మొదలైన పని 1999లోఁ గాని ముగియలేదు. నడుమ అప్పులు, ఎగతాళి, పని యాగుట, అన్నియు వచ్చినవి. హైదరాబాదునకుఁ బోయి, పొట్టకై పనిచేయుచునే మిగిలిన భాగమును బూర్తిచేసిరి. నాలుగైదు గంటల ఆసుపని గంటన్నరకు దిగెను. తల్లిపేర దానికి లక్ష్మీ ఆసుయంత్రమని పేరిడిరి. 2017లోఁ బద్మశ్రీ వచ్చెను. సందేహము తీఱువఱకు వారాగియుండినచో ఆ యంత్రమే లేదు.

అన్నిటికన్న పెద్దభయము నష్టముది కాదు, నలుగురి నోటిది. ఒకఁడు ఐ.పి. పెట్టినచో నేండ్లు గడచినను వాని బిడ్డల సంబంధములకు ఆ మాట యడ్డువచ్చుచున్నది. నిజాయితీగల ఋణగ్రస్తునకు 1920 నాఁటి ఇన్సాల్వెన్సీ చట్టమే న్యాయస్థానముద్వారా విమోచన మొసఁగి మరల బ్రదుకుమనుచుండఁగా, సొంతకులము మన్నింపకుండుట న్యాయమా? మోసగాఁడు వేఱు, నష్టపడినవాఁడు వేఱు. ఈ భేదము మనము పాటించిననాఁడు మన యువకుల భయము సగము తీఱును.

కావున సభలోని పెద్దవర్తకులకు మా మనవి యొక్కటే. విరాళముతోపాటు నెలకొక పూట దానము చేయుఁడు. క్రొత్తగా వ్యాపారము పెట్టిన యొక్క కుఱ్ఱవానిని జేరఁదీసి, వాని పద్దు చూచి, తప్పున్నచో నెమ్మదిగాఁ జెప్పుఁడు. భయపెట్టువారు మన వీథులలోఁ జాలినంతమంది కలరు. పద్దు చూచువారే కొఱఁత.