ఇత్తడి మీద అక్షరాభ్యాసం

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "నువ్వు ఇత్తడి మీద ఏవో అక్షరాలు చెక్కుతున్నావట కదరా, దాని గురించి ఓ పావుగంట మాట్లాడు" అన్నాడు. నేను వక్తను కాను. ముప్పై ఏళ్లు బ్యాంకులో లెక్కలు చూసినవాణ్ణి. చేత్తో లోహం మీద పేర్లు చెక్కడం సాయంత్రాలు, ఆదివారాలు నేర్చుకున్న పని. రిటైరయ్యాక అదే నా పగటి పని కూడా అయింది. తెలిసింది తెలిసినట్టు చెబుతాను. చివర మీ అందరితో ఒక పని ఉంది, అదీ చెబుతాను.

పేర్లు చెక్కడం మీలో చూడనివారు ఉండరు. పాత్రల కొట్లో బిందెనో, స్టీలు క్యారియరునో కొంటే, గుమ్మం పక్కన ఓ పెద్దాయన కూర్చుని ఉండేవాడు. పేరు కాగితం మీద రాసి ఇస్తే, పాత్రను ఒళ్లో పెట్టుకుని, అంగుళం వెడల్పు కూడా లేని ఉలిని చిన్న సుత్తితో టకటకా కొడుతూ రెండు నిమిషాల్లో పేరు వేసి ఇచ్చేవాడు. దగ్గరగా చూస్తే ఆ గీత అంతా చిన్న చిన్న గాట్ల వరస. తరవాత కరెంటు పెన్ను వచ్చింది. అది బర్రుమని వణుకుతూ పైపైన గీకుతుంది. ఇప్పుడు లేజరు వచ్చింది.

నేను చేసే పద్ధతిలో ఉలిని చేత్తోనే ముందుకు నెడతాం. లోహం సన్నటి తీగలా చుట్టలు చుట్టుకుంటూ లేస్తుంది. ఆ తీగ లేచిన చోట మిగిలిన కాలువే అక్షరం. ఈ ఉలిని గ్రేవర్ అంటారు. చూడ్డానికి మందపాటి సూదిలా ఉంటుంది. చతురస్రపు ఉక్కు కడ్డీ కొనను ఏటవాలుగా, సుమారు 45 డిగ్రీలు వచ్చేలా సాన పడితే దాని ముఖం తయారవుతుంది. అడుగున మడమ అని ఒక చిన్న నునుపు పట్టాలి. మడమ లేకపోతే కొన లోహంలోకి దిగబడి ముందుకు రాదు. కొయ్య పిడి గుండ్రంగా పుట్టగొడుగులా ఉండి అరచేతి గుంటలో కూర్చుంటుంది. చూపుడు వేలు ఉలి వెంబడి ఉంటుంది. బొటనవేలు లోహం మీద ఆనుకుని ఉంటుంది. ఆ బొటనవేలే బ్రేకు. అది ఆనకుండా చెక్కితే ఉలి జారి ఎక్కడికి పోతుందో చెప్పలేం. ఎదురుగా ఉన్నది ఎక్కువగా మన ఎడమ చెయ్యే!

ఈ పనిలో సగం సాన పట్టడమే. కొన వాడిగా ఉందో లేదో గోటి మీద ఆనించి చూస్తాం. జారిపోతే మొండి, పట్టుకుంటే వాడి. మొండి ఉలితో బలం ఎక్కువ పెడతాం, బలం పెట్టినప్పుడే జారుతుంది. కొత్తగా నేర్చుకునేవారు చెయ్యి తిరగలేదని బాధపడుతుంటారు. చాలాసార్లు లోపం చేతిలో ఉండదు, సానలో ఉంటుంది.

పలకను పట్టి ఉంచడానికి లక్క వాడతాం. కంసాలి వాడే లక్కే. చెక్క మీద లక్క కరిగించి, పలకను అందులో అతికించి చల్లారనిస్తే కదలదు. ఆ చెక్కను ఇసుక నింపిన గుండ్రటి తోలు దిండు మీద పెడతాం. దిండు ఎందుకంటే, పలక సులువుగా తిరగాలి. నాకు మొదట ఓనమాలు చెప్పింది పాత్రల బజారులో యాభై ఏళ్లు పేర్లు చెక్కిన ఒక పెద్దాయన. ఆయన సుత్తి మనిషి. నెట్టే ఉలి నేను తరవాత పుస్తకాలు చూసి పట్టుకున్నాను. కానీ అసలు కిటుకు ఆయన చెప్పిందే. "బాబూ, నువ్వు ఇంకా రాస్తున్నావు. రాసేటప్పుడు చెయ్యి తిరుగుతుంది. చెక్కేటప్పుడు చెయ్యి ఉన్నచోటే ఉండాలి, పలక తిరగాలి" అన్నాడు. సున్న చుట్టాలంటే కుడిచేయి ఉలిని నిదానంగా నెడుతూ ఉంటుంది, ఎడమచేయి పలకను దాని కిందకి తిప్పుకొస్తుంది. అంటే సున్న చుట్టేది ఎడమ చేయి.

అభ్యాసం ఎలా ఉంటుందంటే, మొదటి నెల అక్షరమే లేదు. రాగి రేకు మీద, ఇత్తడి రేకు మీద నిలువు గీతలు. మిల్లీమీటరు ఎడంతో, ఒకే లోతుతో. రాగి మెత్తన, అయినా ఉలిని జిగురులా పట్టుకుంటుంది. ఇత్తడి కాస్త గట్టి, అయినా శుభ్రంగా తెగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు మీద ఉలి కొనలు విరుగుతాయి, దాని జోలికి మొదట్లో పోకూడదు. గీతలు కుదిరాక వంపులు, తరవాత సున్నలు. రేకు రెండువైపులా నిండితే ఎమెరీ కాగితంతో అరగదీసి మళ్లీ మొదలు. ఉలి జారి పడిన గీతను రబ్బరుతో తుడవలేం. తేలికదైతే నునుపైన ఉక్కుతో రుద్ది అణచవచ్చు. లోతైనదైతే చుట్టూ ఉన్న లోహమంతా దాని లోతుకు దిగేదాకా అరగదీయాలి.

అలంకారపు అక్షరానికి అందం ఎక్కణ్ణుంచి వస్తుందని అడుగుతుంటారు. సన్నం, లావులోంచి వస్తుంది. ఉలిని నిటారుగా నడిపితే వెంట్రుకలాంటి గీత పడుతుంది. నడుస్తుండగానే మెల్లగా ఒక పక్కకు ఒరిగిస్తే గీత వెడల్పవుతుంది, ఆ కాలువ గోడ అద్దంలా వెలుగు విసురుతుంది. మళ్లీ నిటారు చేస్తే మళ్లీ సన్నం. ఇంగ్లీషు అక్షరాలకు ఈ సన్నం, లావు ఎక్కడ రావాలో చూపించే పుస్తకాలు బోలెడు. మన అక్షరాలకు ఆ లెక్క నేనే వేసుకోవాల్సి వచ్చింది.

తాటాకు మీద గంటంతో అడ్డంగా గీత గీస్తే ఆకు చీలుతుందని, అందుకే మన అక్షరాలు గుండ్రమయ్యాయని చిన్నప్పుడు విన్నాం. ఆకుకు కలిసొచ్చిన ఆ గుండ్రమే ఉలికి పరీక్ష. తిన్నని గీత ఎవరైనా చెక్కుతారు. "ఠ" చెక్కమనండి, తెలుస్తుంది! ఇంకో చిక్కు ఎత్తు. ఇంగ్లీషు అక్షరం ఒక వరసలో నిలబడుతుంది. మనకు పైన గుడి, ఏత్వం, కింద ఒత్తులు. "లక్ష్మి" అని చెక్కాలంటే క మీద గుడి, క కింద ష వత్తు, దానితో మ వత్తు, అన్నిటికీ చోటు కావాలి. అందుకే పలక మీద తెల్ల రంగు పల్చగా పూసి, ఆరాక పెన్సిలుతో ముందు ఒత్తుల చోటు గీసుకుంటాను, ఆ తరవాతే అక్షరం. తలకట్టును కొంచెం సాగదీసి కొసలో ఒక మెలిక ఇస్తే చాలు, పేరుకు పండగ వస్తుంది. ప్రతి తలకట్టుకూ మెలిక పెడితే మాత్రం పేరు చదవలేం. చూచిరాత దిద్దేటప్పుడు మన తెలుగు మాస్టారు చెప్పినదీ ఇదే. ముందు చదవగలగాలి, ఆ తరవాతే సొగసు.

ఈ విద్య మన నేలకు కొత్త కాదు. తూర్పు చాళుక్యుల కాలపు దానశాసనాలు రాగిరేకుల మీద ఉన్నాయి. రేకులకు కంత పెట్టి కడియంతో కూర్చి, కడియం అతుకు మీద రాజముద్ర వేసేవారు. ఆ ముద్రలో వరాహం, "శ్రీ త్రిభువనాంకుశ" అన్న అక్షరాలు ఉంటాయి. ఒకదాని మీద ఒకటి ఒరుసుకుని అక్షరాలు అరగకుండా రేకుల అంచులు ఎత్తుగా ఉంచేవారు. కొన్ని శాసనాల చివర చెక్కినవాడి పేరు కూడా ఉంటుంది. రాజుగారి పేరున్న రేకు మీదే పనివాడి పేరు! తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలు వేల సంఖ్యలో మనదాకా వచ్చాయంటే, వాటిని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలో భద్రపరచబట్టే. పాడినవారి గొప్పతనం ఎంతైనా ఉండనివ్వండి, దాన్ని మనకు అందించింది మాత్రం పేరు తెలియని చేతుల ఉలి.

రాజులు, వాగ్గేయకారుల సంగతి సరే. మన ఇళ్ల సంగతి చెబుతాను. మా నాయనమ్మ పోయాక అటక మీంచి పాత ఇత్తడి సామాను దింపాం. అజ్జరం బిందెలు, గంగాళం, మరచెంబులు. ఒక్కోదాని మెడ కింద ఒక్కో పేరు. కొన్నింటి మీద ఊరి పేరు, కొన్నింటి మీద ఎవరు ఎవరికి సారె పెట్టారో. మా నాయనమ్మ పేరు, ఆవిడ అత్తగారి పేరు, ఆవిడ ఆడపడుచు పేరు. మా తాతల పేర్లు దస్తావేజుల మీద, పట్టాల మీద ఉన్నాయి. ఈ ఆడవాళ్ల పేర్లు ఆ కాగితాల్లో ఎక్కడా లేవు. బడికి పోలేదు కాబట్టి బడి రిజిస్టరులో లేవు. ఆస్తి లేదు కాబట్టి పట్టాలో లేవు. వాళ్లు ఫలానా పేరుతో ఈ భూమ్మీద బతికారని చెప్పే రాతకోతలు మా ఇంట్లో ఆ బిందెలే.

అలాంటి బిందెలను మనం తూకానికి అమ్ముతున్నాం. పాత సామానువాడు ఇత్తడి ఎన్ని కిలోలని చూస్తాడు గాని పేరు చూడడు, అది అతని తప్పు కాదు. అమ్మవద్దని నేను చెప్పను, చిన్న ఇళ్లలో గంగాళం ఎక్కడ పెడతారు? అమ్మేముందు ఒక కాగితం ఆ పేరు మీద పెట్టి, పెన్సిలు ముక్కతో పైన మెల్లగా రుద్దండి. అక్షరం కాగితం మీదకి దిగుతుంది. ఐదు నిమిషాల పని. ఒక తరం పేర్లు దక్కుతాయి.

లేజరు మీద నాకు పేచీ లేదు. లోతుగా చెక్కే యంత్రాలూ ఉన్నాయి. అయితే కంప్యూటరులో ఉన్న నాలుగు రకాల అక్షరాల్లో ఒకదానితో పైపైన వేసిన గుర్తు, పది దసరాలు చింతపండు పెట్టి తోమేసరికి మసకబారుతుంది. మిల్లీమీటరులో నాలుగో వంతు లోతు చెక్కిన అక్షరం మనవడి కాలానికీ ఉంటుంది.

ఇక మీతో పని. మన సంఘం స్వర్ణోత్సవ గుర్తుగా గ్రంథాలయం గదిలో ఒక ఇత్తడి పలక పెట్టాలనుకుంది. ఇక్కడ పాఠం చెప్పి, ఇప్పుడు మన మధ్య లేని గురువుల పేర్లు దాని మీద ఉంటాయి. ముందు యంత్రానికి ఇద్దామనుకున్నారు. ఆ పని నాకివ్వండి, కూలి అక్కర్లేదని అడిగాను, ఒప్పుకున్నారు. రోజుకు ఒక పేరుకన్నా ఎక్కువ చెక్కను. చెక్కుతున్నంతసేపూ ఆ ఒక్క మాస్టారే గుర్తొస్తారు. లెక్కల మాస్టారి పేరులో నాలుగు ఒత్తులున్నాయి, ఆయన ఇచ్చే లెక్కల్లాగే!

గురువుల పేర్లు అయిపోయాయి. పలక కింద రెండు వరసలు ఖాళీగా ఉంచాను. ఒకటి మనకు గంట కొట్టిన తాతది. ఇంకోటి ఎండాకాలం కుండల్లో నీళ్లు నింపి, గ్లాసు కడిగి చేతికిచ్చిన అవ్వది. పాత రిజిస్టర్లు వెతికించాను. ఆ ఇద్దరి పేర్లు దొరకలేదు. హెడ్మాస్టర్లను అడిగాను, మా బ్యాచ్‌లో అందరినీ అడిగాను. అందరికీ వాళ్లు గుర్తున్నారు. తాత గంట కొట్టే తీరు, అవ్వ కేకలు, అన్నీ చెబుతారు. పేరు అడిగితే "తాతే కదా" అంటారు. వందల మందికి తాత అయినవాడు తన పేరు పోగొట్టుకున్నాడు.

ఈ సభలో యాభై ఏళ్ల బ్యాచ్‌లు ఉన్నాయి. ఈ సంచిక చేరే ఇళ్లలో ఇక్కడికి రాలేని పెద్దవాళ్లు ఉన్నారు. వాళ్ల వీధిలో ఉన్నవారు, వాళ్లకు జీతం పంచినవారు, వాళ్ల పిల్లలతో ఆడుకున్నవారు ఎవరో ఒకరు ఉండే ఉంటారు. దయచేసి అడగండి. పేరు తెలిస్తే ఇంటిపేరుతో సహా, ఒత్తులు, దీర్ఘాలు సరిచూసి సంఘానికి రాసి పంపండి. ఇత్తడి మీద కొట్టివేతలు కుదరవు.

ఇంకొక మాట. ఈ పని నేర్చుకుంటామనే పిల్లలు ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఉంటే శనివారం మధ్యాహ్నాలు నేను బడికి వస్తాను. ఉలి, రేకు, లక్క నావి. మొదటి నెల గీతలే అని ముందే చెప్పి పంపండి.