పచ్చడికి సత్తు గిన్నె వద్దు



మిరప కోతకు, పత్తి తీతకు పొద్దున్నే పోతారు. సత్తు క్యారేజీలో అన్నం పెడతారు. పై గిన్నెలో గోంగూర పచ్చడి పెడతారు. తినేది మధ్యాహ్నం. అందాకా పచ్చడి ఆ సత్తులోనే ఉంటుంది.

సత్తు అంటే అల్యూమినియం. దానికి పులుపు పడదు, ఉప్పూ పడదు. నల్లబడిన సత్తు గిన్నెలో చింతపండు పులుసు కాస్తే లోపల తెల్లగా మెరుస్తుంది. గిన్నె బాగుపడింది అనుకుంటాం. కాదు. పైపొర కరిగి పులుసులో కలిసింది!

"మా అత్త ఇందులోనే వండింది, ఏమైంది?" అంటారు. నిజమే. ఒక్కరోజులో ఏమీ కాదు. ఒంట్లో చేరిన కొద్దిపాటి సత్తును మూత్రపిండాలు బయటికి పంపుతాయి. కిడ్నీ జబ్బు ఉన్నవారిలో ఆ పని సరిగా జరగదు. వారి ఇంట్లో మరీ జాగ్రత్త.

హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. పచ్చళ్లు, సాంబారు లాంటి పుల్లనివి సత్తు పాత్రల్లో నిలవ ఉంచడం మంచిది కాదని 2024లో ఆ సంస్థ చెప్పింది.

హోటల్లో రొట్టెలు చుట్టి ఇచ్చే వెండి రంగు కాగితం చూశారా? అదీ సత్తే. చపాతీ చుట్టుకోండి. ఆవకాయ చుట్టారో, ఆ పల్చటి రేకుకు చిల్లులు పడతాయి.

ఉన్న గిన్నెలు పారేయమని నేను అనను. కూలి డబ్బు ఊరికే రాదు. వాటిలో అన్నం వండుకోండి, నీళ్లు కాచుకోండి. పులుసు మాత్రం మట్టికుండలోనో, స్టీలు గిన్నెలోనో కాయండి. ఆవకాయకు జాడీ ఉండనే ఉంది. చేనికి తీసుకెళ్లే పచ్చడికి చిన్న స్టీలు డబ్బా ఒకటి చాలు.