మొదటి సెమిస్టరులో ఎంత బరువు ఎత్తుకోవాలి?
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన కుటుంబాల నుంచి వెళ్ళి అమెరికాలో స్థిరపడినవారు ఈనాడు చాలామంది ఉన్నారు. అక్కడ పెరిగిన మన మనవలు, మనవరాళ్ళు హైస్కూలు ముగించి కాలేజీలో అడుగు పెడుతున్నారు. డాక్టరు కావాలనుకునేవాళ్ళు వారిలో తక్కువేమీ కాదు. ఇక్కడి నుంచి ఫోను చేసినప్పుడు నానా, దాదీ, చిచ్చా, ఖాలా అందరూ అడిగేది ఒకటే: "బేటా, మెడిసిన్‌లో సీటు వచ్చిందా?" ఆ ప్రశ్నకు పిల్లవాడు నీళ్ళు నములుతాడు. కొన్ని ప్రత్యేక కోర్సుల్లో తప్ప, అక్కడ ఆ వయసులో మెడిసిన్ సీటు అనేదే లేదు మరి!

అక్కడి పద్ధతి క్లుప్తంగా చెబుతాను. మన దగ్గర ఇంటర్‌లో బై.పి.సి. చదివి, నీట్ రాసి, ఎం.బి.బి.ఎస్.లో చేరతారు. ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నర సంవత్సరాలు. అక్కడ ముందు నాలుగేళ్ళ డిగ్రీ, తర్వాత నాలుగేళ్ళ మెడికల్ కాలేజీ, ఆపైన మూడు నుంచి ఏడేళ్ళ దాకా రెసిడెన్సీ. ప్రీ-మెడ్ అనేది డిగ్రీ పేరు కాదు. మెడికల్ కాలేజీకి వెళ్ళదలచినవాళ్ళు డిగ్రీలో భాగంగా పూర్తిచేయవలసిన సబ్జెక్టుల వరస అది. చరిత్ర ప్రధానంగా చదివినవాడు కూడా ఆ వరస పూర్తిచేస్తే దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఆ వరసలో సాధారణంగా ఉండేవి ఇవి: బయాలజీ, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్ తలా ఒక సంవత్సరం, ల్యాబుతో సహా. ఆపైన బయోకెమిస్ట్రీ, ఇంగ్లీషు, కొంత లెక్కలు లేదా స్టాటిస్టిక్స్. ఎంక్యాట్ అనే ప్రవేశ పరీక్ష 2015లో మారిన తర్వాత సైకాలజీ, సోషియాలజీ కూడా చదువుకోవలసి వస్తున్నది.

ఇక అసలు విషయానికి వస్తాను. చదువంటే మనకు ఇంటర్ కాలేజీలే గుర్తుకొస్తాయి. తెల్లవారుజామున లేపుతారు, రాత్రి దాకా చదివిస్తారు, చివర ఒక పెద్ద పరీక్ష. అందులో ర్యాంకు వస్తే అంతకు ముందు యూనిట్ టెస్టుల్లో ఎన్ని మార్కులు వచ్చాయో ఎవరూ అడగరు. అక్కడ అలా కాదు. మొదటి సెమిస్టరులో వచ్చిన గ్రేడు మెడికల్ కాలేజీ దరఖాస్తు దాకా వెంట వస్తుంది.

ఒక లెక్క చూడండి. 2023లో అక్కడి ఎం.డి. కాలేజీల్లో చేరినవారి సగటు జీపీఏ నాలుగుకు 3.77. డిగ్రీ ముగియగానే మెడికల్ కాలేజీలో చేరాలంటే మూడో సంవత్సరం చివర దరఖాస్తు పెట్టాలి, అంటే ఆరు సెమిస్టర్ల గ్రేడులే చూపించగలుగుతాడు. మొదటి సెమిస్టరులో అన్నీ నెత్తిన వేసుకుని 2.5 తెచ్చుకున్నాడనుకోండి. తర్వాతి అయిదు సెమిస్టర్లూ కష్టపడి 3.8 చొప్పున తెచ్చినా, అన్నీ సమాన క్రెడిట్లయితే, మొత్తం సగటు 3.58 దగ్గర ఆగుతుంది. ఒక్క సెమిస్టరు చేసే పని అది!

"మళ్ళీ రాస్తే సరి" అని కొందరంటారు. ఎం.డి. కాలేజీల్లో ఎక్కువ భాగం ఆమ్‌కాస్ అనే కేంద్ర సంస్థ ద్వారా దరఖాస్తులు తీసుకుంటాయి. సబ్జెక్టు మళ్ళీ చదివినా ఆ సంస్థ రెండు గ్రేడులనూ లెక్కిస్తుంది. మొదట సి, తర్వాత ఎ వస్తే సగటున బి వచ్చినట్టే. పైగా బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, లెక్కల గ్రేడులను కలిపి వేరే సగటు కూడా చూపిస్తుంది.

కాబట్టి మొదటి సెమిస్టరును ఎట్లా పేర్చుకోవాలి? నేను చెప్పేది ఒకటే సూత్రం. సైన్సు, లెక్కలు కలిపి రెండే సబ్జెక్టులు. మిగిలినవి వేరే తరహావి.

ఆ రెండింటిలో ఒకటి జనరల్ కెమిస్ట్రీ కావాలి. అది రెండు సెమిస్టర్లు, తర్వాత ఆర్గానిక్ రెండు, ఆపైన బయోకెమిస్ట్రీ. ఒకటి ముగియనిదే రెండోదానికి పోనివ్వరు. మొదటి మెట్టు ఆలస్యమైతే మెట్లన్నీ ఆలస్యమవుతాయి. రెండోది పిల్లల బలాన్ని బట్టి ఉండాలి. హైస్కూల్లో లెక్కలు గట్టిగా వచ్చినవాడు బయాలజీ తీసుకోవచ్చు. లెక్కల్లో వెనకబడినవాడు ముందు లెక్కలే తీసుకోవాలి, ఎందుకంటే కెమిస్ట్రీలో తడబడేవాళ్ళలో చాలామంది ఆ లెక్కల దగ్గరే తడబడతారు. తర్వాత ఇంగ్లీషు రచన ఒకటి, సైకాలజీగాని సోషియాలజీగాని ఒకటి. కెమిస్ట్రీ 4, బయాలజీ 4, ఇంగ్లీషు 3, సైకాలజీ 3, మొత్తం 14 క్రెడిట్లు. ఇది చాలు. డిగ్రీకి మామూలుగా 120 కావాలి గనుక సెమిస్టరుకు సగటున 15 పడతాయి. తగ్గిన ఒక్క క్రెడిటు తర్వాత ఎక్కడైనా కలుస్తుంది.

"నాలుగు సబ్జెక్టులేనా!" అని తండ్రులు ఆశ్చర్యపోవద్దు. క్లాసులో ఒక గంటకు ఇంట్లో రెండు గంటలు చదవాలని అక్కడి కాలేజీలు చెబుతాయి. 14 క్రెడిట్లంటే వారానికి 42 గంటలు. ల్యాబు క్రెడిటు ఒకటే అయినా మూడు గంటలు పడుతుంది, దాని రిపోర్టు వేరే. ఒక ఉద్యోగస్తుడు వారమంతా చేసే పని అది. ఫిజిక్స్, కాల్కులస్ కూడా చేర్చి 19, 20 క్రెడిట్లు చేస్తే నిద్ర ఎక్కడ, భోజనం ఎక్కడ?

మరొకటి, ఎ.పి. క్రెడిట్లు. ఎ.పి. అంటే ఆంధ్రప్రదేశ్ కాదు! హైస్కూల్లోనే కాలేజీ స్థాయిలో చదివే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కోర్సులు. వాటిని చూపించి మొదటి కెమిస్ట్రీ వదిలేయవచ్చు. కాని కొన్ని మెడికల్ కాలేజీలు వాటిని ఒప్పుకోవు. వదిలే ముందు కాలేజీ సలహాదారును కలిసి కనుక్కోవాలి.

శుక్రవారం జుమాకు వెళ్ళే పిల్లలు ఆ మధ్యాహ్నం ల్యాబు పడకుండా చూసుకోవాలి. పెద్ద కాలేజీల్లో ఒకే ల్యాబును వారంలో చాలా వేళల్లో పెడతారు. ముందుగా రిజిస్టరు చేసుకున్నవాడికి కోరిన వేళ దొరుకుతుంది.

మొదటి పరీక్షలో దెబ్బ తింటే దాచుకోకూడదు. అధ్యాపకులు ఆఫీసు గంటలని ప్రత్యేకంగా సమయం కేటాయిస్తారు, వెళ్ళి అడగాలి. అప్పటికీ కుదరకపోతే గడువులోగా ఆ సబ్జెక్టు విడిచిపెట్టవచ్చు. డబ్ల్యూ అనే అక్షరం రికార్డులో ఉంటుంది, జీపీఏలో కలవదు. ఒక్క డబ్ల్యూతో కొంప మునగదు. అయితే 12 క్రెడిట్ల కన్నా తగ్గితే ఫుల్‌టైము విద్యార్థి కింద లెక్కకు రాడు. స్కాలర్‌షిప్పుకు ఇబ్బంది, స్టూడెంటు వీసా మీద ఉన్నవాడికి ఇంకా ఇబ్బంది. 14తో మొదలుపెట్టి ఒక సబ్జెక్టు వదిలితే 12కు దిగువనే పడతాడు. అందుకని ముందు సలహాదారును అడిగి, తర్వాతే వదలాలి.

ఇక్కడి నుంచి పిల్లల్ని పంపదలచిన తల్లిదండ్రులకు ఒక మాట. స్టూడెంటు వీసా మీద ఉన్నవారి దరఖాస్తులను అక్కడి మెడికల్ కాలేజీల్లో చాలా భాగం తీసుకోవు. బై.పి.సి. చదివిన బిడ్డ ఇక్కడ ఎం.బి.బి.ఎస్. చేసి, అక్కడి లైసెన్సు పరీక్షలు రాసి, రెసిడెన్సీకి ప్రయత్నించే దారి ఉంది. లక్షలు ఖర్చుపెట్టే ముందు ఈ సంగతి ఆలోచించుకోండి.

చివరిగా పెద్దలకు మనవి. డిగ్రీ తర్వాత ఒకటి రెండేళ్ళు ఆగి దరఖాస్తు పెట్టేవాళ్ళు అక్కడ ఇప్పుడు చాలామంది ఉన్నారు. ఆలస్యం నామోషీ కాదు. ఆగస్టులో కాలేజీలో చేరే మనవరాలు నాలుగే సబ్జెక్టులు తీసుకున్నానంటే "తెలివైన పని చేశావు బేటీ" అనండి. ఆ పిల్లకు కొండంత ధైర్యం వస్తుంది.