గుమ్మం బయటి కన్ను ఎవరిది?

(మహిళా కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగపాఠం)



మన దగ్గరికి సలహా కోసం వచ్చే స్త్రీలు ఈమధ్య ఒక కొత్త ప్రశ్న అడుగుతున్నారు. "ఇంటి బయట కెమెరా పెట్టించుకుంటే మంచిదేనా? ఎలాంటిది కొనాలి? కరెంటు పోతే ఏం చెయ్యాలి?" భర్త హింస భరించలేక వేరుగా ఉంటున్నవాళ్లు, ఊరి చివర ఒంటరిగా బతుకుతున్నవాళ్లు, వెంటపడి వేధించేవాడితో విసిగిపోయిన ఆడపిల్లల తల్లులు ఇలా అడుగుతున్నారు. ఇది ఎలక్ట్రీషియన్ పని, మనకెందుకు అని తప్పుకోవడానికి వీల్లేదు. కెమెరా ఎటువైపు చూస్తుంది, దానికి కరెంటు ఎవరి మీట నుంచి వస్తుంది, బొమ్మ ఎవరి ఫోనులోకి పోతుంది అన్న మూడు ప్రశ్నలూ చివరికి హక్కుల ప్రశ్నలే.

ముందు దాని పరిమితి తెలుసుకుందాం. కెమెరా ఎవరి చెయ్యీ పట్టుకుని ఆపదు. చూసింది గుర్తుపెట్టుకుంటుంది, అంతే. స్త్రీల మీద హింస ఎక్కువగా నాలుగు గోడల మధ్య, అయినవాళ్ల చేతుల్లోనే జరుగుతుందని మన అనుభవం. వాకిట్లో కెమెరా ఆ హింసను చూడదు. అయినా దానికి ఒక ఉపయోగం ఉంది. 2005 నాటి గృహహింస చట్టం కింద మేజిస్ట్రేటు రక్షణ ఉత్తర్వు ఇచ్చాక, దాన్ని ధిక్కరించి అతను మళ్లీ గుమ్మం ముందుకొచ్చి గొడవ చేస్తే 31వ సెక్షన్ ప్రకారం ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. వచ్చాడని ఆమె అంటుంది, రాలేదని అతనంటాడు. మనకెందుకొచ్చిన తగువని ఇరుగుపొరుగు నోరు విప్పరు. అలాంటప్పుడు తేదీ, సమయంతో ఉన్న దృశ్యం ఆమె మాటకు బలమవుతుంది.

కొనేముందు, బిగించేముందు

2 నుంచి 4 వేల రూపాయల్లో ఆరుబయట పెట్టదగిన వైఫై కెమెరాలు దొరుకుతున్నాయి. డబ్బా మీద ఐపీ65 లేదా ఐపీ66 అని ఉందేమో చూడండి. మొదటి అంకె దుమ్ము లోపలికి పోదని, రెండోది నీటి ధారను తట్టుకుంటుందని చెబుతాయి. ఇంట్లో వాడే కెమెరా చవకగా వచ్చిందని ప్లాస్టిక్ సంచి చుట్టి బయట వేలాడదీస్తే మన ఎండకూ వానకూ నిలవదు.

కెమెరా తడిసినా ఫర్వాలేదు గాని, దాని అడాప్టరూ ప్లగ్గూ తడవకూడదు. 230 వోల్టుల ప్లగ్గు ఎప్పుడూ ఇంటి లోపలే ఉండాలి. సన్నని వైరు మాత్రమే గోడకు కన్నం వేసి బయటికి తియ్యాలి. కన్నం బయట వైరును కిందికి ఒక వంపు తిప్పితే వాననీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి, వైరు వెంట లోపలికి రావు.

చవక కెమెరాల్లో చాలావాటికి 5 వోల్టుల అడాప్టరు వస్తుంది. గేటు దూరంగా ఉందని దానికి సన్నని వైరు 10 మీటర్లు అతుకు వేస్తే, 1 ఆంపియరు కరెంటు పారేటప్పుడు ఒకటిన్నర వోల్టు దాకా దారిలోనే పోతుంది. పగలు బాగానే పనిచేసిన కెమెరా రాత్రి చీకట్లో చూసే దీపాలు వెలగగానే ఆగిపోతుంది, మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగిపోతుంది. మనకు అవసరమైన వేళలోనే అది గుడ్డిదవుతుంది. కాబట్టి 5 వోల్టుల కెమెరాను ప్లగ్గుకు దగ్గరగా, మూడు మీటర్ల లోపు బిగించండి. దూరం తప్పదనుకుంటే 12 వోల్టులది తీసుకోండి. అదే పనికి దానికి తక్కువ ఆంపియర్లు చాలు కనుక దారిలో పోయేదీ తక్కువే. వసతిగృహాలు, సంస్థల కార్యాలయాలు అయితే కరెంటునూ బొమ్మనూ ఒకే నెట్‌వర్క్ కేబుల్ మీద 100 మీటర్ల దాకా పంపే ఏర్పాటు మేలు.

అద్దె ఇళ్లలో గోడకు కన్నం వెయ్యనివ్వరు. బల్బు హోల్డర్లో బిగించే కెమెరాలు వస్తున్నాయి గాని, వాటిలో చాలావాటిని వానలో పెట్టకూడదు, వసారా కప్పు కిందే పెట్టాలి. పైగా ఎవరైనా లైటు మీట ఆర్పితే కెమెరా కూడా ఆరిపోతుంది. ఆ మీట ఇంటి బయట ఉంటే ఆ కెమెరా ఉన్నా లేనట్టే.

కరెంటు పోయినప్పుడు, తీసేసినప్పుడు

మన ఊళ్లలో చాలా ఇళ్లకు మీటరూ ఫ్యూజులూ అరుగు మీది గోడకే ఉంటాయి. దాడికొచ్చేవాడు కెమెరా పగలగొట్టక్కర్లేదు. ఫ్యూజు పీకితే చాలు. అందుకని ఇంటి లోపల చిన్న బ్యాటరీ ఉండాలి. లెక్క కష్టమేమీ కాదు. కెమెరాకు సుమారు 5 వాట్లు, వైఫై రౌటరుకు సుమారు 7 వాట్లు, మొత్తం 12. నెలంతా నడిస్తే 9 యూనిట్ల లోపే. 12 వోల్టుల, 7 ఆంపియర్-గంటల బ్యాటరీలో 84 వాట్-గంటలు ఉంటాయి. కాగితం మీద 7 గంటలు రావాలి, నిజానికి 5 గంటలు వస్తుందనుకోండి. రౌటరును వదిలేసి కెమెరాకే బ్యాటరీ పెట్టినా, లోపలి మెమరీ కార్డులో దృశ్యం నమోదవుతూనే ఉంటుంది. ఫోనుకు హెచ్చరిక మాత్రం రాదు.

కరెంటు లేని చోట, పొలం గట్టు మీది ఇంట్లో, సోలార్ పలక, బ్యాటరీ, సిమ్ కార్డుతో నడిచే కెమెరాలు పనికొస్తాయి. బ్యాటరీ మిగుల్చుకోవడానికి అవి నిద్రపోతూ ఉంటాయి, మనిషి కదలిక తగిలితే లేస్తాయి. లేచేలోగా మొదటి క్షణాలు తప్పిపోవచ్చు. పలకను నీడ పడకుండా దక్షిణం వైపు వాల్చాలి, దుమ్ము తుడుస్తూ ఉండాలి. ముసురు పట్టిన రోజుల్లో బ్యాటరీ ఎంత ఉందో చూసుకోవాలి.

ఎవరి ఖాతా?

ఇక అసలు సంగతి. కెమెరా బిగించేటప్పుడు ఫోనులో ఒక ఖాతా తెరుస్తారు. ఆమెకు తెలియదులే అని ఆ ఖాతాను తమ్ముడి నంబరుతోనో, భర్త నంబరుతోనో, బిగించడానికి వచ్చిన కుర్రవాడి నంబరుతోనో తెరిచేస్తే ఆ కెమెరాకు యజమాని అతనే. ఏ ఊళ్లో ఉన్నా అతను చూడగలడు, మాటలు వినగలడు, కెమెరా ఆపెయ్యగలడు, దృశ్యాలు చెరిపెయ్యగలడు. గల్ఫ్‌లో ఉన్న భర్త కూడా నిజామాబాద్‌లోని గుమ్మం ముందు కూర్చున్నట్టే. భార్య ఎన్నింటికి బయటికెళ్లింది, ఎవరితో మాట్లాడింది, సంఘం మీటింగు నుంచి ఎప్పుడొచ్చింది అని అక్కడినుంచే ఆరా తీస్తాడు. "నీ రక్షణ కోసమే" అంటాడు. పితృస్వామ్యం మన మీద కాపలా పెట్టిన ప్రతిసారీ దానికి రక్షణ అన్న పేరే పెట్టింది. ఇలాంటి నిఘాను గృహహింస ఫిర్యాదులో మానసిక హింస కింద తేదీలతో సహా రాయించాలి.

ఒకే ఇంట్లో ఉండేవారి అనుమతి లేకుండా నివాసభాగంలో కెమెరాలు పెట్టడం వారి గోప్యతకు భంగమని కలకత్తా హైకోర్టు 2025లో చెప్పింది. సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు. అది అన్నదమ్ముల తగువు. అయినా ఆ సూత్రం కోడళ్లకూ వర్తించాలని మనం అడగాలి. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పిన తర్వాత అది ఇంటి గడప దగ్గర ఆగిపోకూడదు.

బయటివాళ్ల చేతుల్లో పడే ప్రమాదం కూడా ఉంది. రింగ్ అనే కెమెరాల కంపెనీలో ఒక ఉద్యోగి స్త్రీల పడకగదుల, స్నానాలగదుల దృశ్యాలు చూశాడని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో ఆరోపించింది. కంపెనీ 58 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరాల్లోని స్త్రీల దృశ్యాలు ఇంటర్నెట్‌లో అమ్ముడవుతున్న సంగతి 2025 ఫిబ్రవరిలో బయటపడింది. అందుకే కెమెరాతో వచ్చిన పాస్‌వర్డ్ మొదటిరోజే మార్చాలి. పాత కెమెరా కొంటే, ముందు పాత ఖాతా నుంచి దాన్ని తీసేయించాలి.

మనం కూడా మరొకరి మీద నిఘా పెట్టకూడదు. పక్కింటి పెరడు, తడికల స్నానాలగది, నలుగురు ఆడవాళ్లు నీళ్లు పట్టుకునే కుళాయి మన కెమెరాలో పడకుండా దాని మూతి కిందికి వంచాలి. స్నానం చేస్తున్న స్త్రీని చాటుగా చిత్రించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. మొదటిసారి పట్టుబడినా ఏడాది నుంచి మూడేళ్ల దాకా జైలు.

సాక్ష్యంగా నిలవాలంటే

128 జీబీ కార్డులో సుమారు పది రోజుల దృశ్యం పడుతుంది. తర్వాత పాతదాని మీదే కొత్తది పడిపోతుంది. కాబట్టి ఏదైనా జరిగితే ఆ రోజే కాపీ తీసి, అసలు కార్డును కవరులో పెట్టి తేదీ రాసి దాచాలి. ముక్కలు కత్తిరించకూడదు. వాట్సాప్‌లో పంపి ఊరుకోకూడదు, అక్కడ దృశ్యం నాణ్యత తగ్గిపోతుంది. కెమెరా గడియారం సరైన సమయం చూపుతుందో లేదో వారానికోసారి చూడాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఇలాంటి రికార్డుతోపాటు ధ్రువపత్రం ఇవ్వాలి. దాన్ని వకీలుతో ముందే మాట్లాడి సిద్ధం చేయించండి.

సొంత కెమెరా లేనివాళ్లకు ఇంకో దారి ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజాభద్రతా చట్టం, 100 మందికి పైగా గుమికూడే స్థలాల్లో కెమెరాలు పెట్టి 30 రోజుల రికార్డు ఉంచాలంటుంది. వీధిలో వేధింపు జరిగితే, దగ్గర్లోని ఏ ఆసుపత్రిలో, ఏ దుకాణసముదాయంలో కెమెరా ఉందో చూసి, ఆ రికార్డు తెప్పించమని పోలీసులకు వెంటనే రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. ముప్పై రోజులు ఇట్టే గడిచిపోతాయి.

కెమెరా కావాలని వచ్చిన స్త్రీకి మన వాళ్లెవరో ఒకరు తోడుగా వెళ్లాలి. ఖాతా ఆమె నంబరుతో తెరిపించి, పాస్‌వర్డ్ ఆమె చేతే పెట్టించాలి. మీట ఎక్కడుంది, కార్డు ఎలా తియ్యాలి, చూపు ఎలా తిప్పాలి అన్నది ఆమె స్వయంగా చేసి చూపేదాకా అక్కడినుంచి కదలకూడదు. అంతవరకూ నేర్పకుండా వచ్చేస్తే ఆమె గుమ్మానికి మనం ఇంకొకరి కన్ను తగిలించి వచ్చినట్టే. మీ మీ ప్రాంతాల్లో ఎదురైన ఇబ్బందులేమిటో ఇప్పుడు చర్చలో చెప్పండి.