క్రియాప్రధానము, వస్తుప్రధానము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



1972 ప్రాంతమున రూపొందిన సి అను కంప్యూటరు భాషలో పదియేండ్లు ఆరితేరినవాడును, సి ప్లస్ ప్లస్ వంటి భాషను చేపట్టినప్పుడు మరల ఓనమాలు దిద్దవలసివచ్చును. ఇది అవమానము గాదు. చిక్కు భాషావ్యాకరణమున లేదు, చూపునందున్నది.

పాతపద్ధతి క్రియాప్రధానము. "మొదట ఏమి చేయవలెను, పిమ్మట ఏమి చేయవలెను" అనునదే దాని ప్రశ్న. బ్యాంకు ఖాతాను ఉదాహరణముగా గ్రహింపవచ్చును. నిల్వ ఒకచోట నుండును. జమకట్టు విధానము, ఖర్చు వ్రాయు విధానము వేరొకచోట నుండును. ప్రోగ్రాము పెరిగినకొలది, నిల్వను ఏ విధానము ఎక్కడ మార్చినదో కనిపెట్టుట కష్టమగును. చిట్టా నలుగురి చేతులలో బడి, కొట్టివేత ఎవరిదో తెలియని చందమిది.

కొత్తపద్ధతి వస్తుప్రధానము. ఇందు ఖాతాయే ఒక వస్తువు. నిల్వయు, దానిని మార్చు విధానములును ఆ వస్తువునందే ఇమిడియుండును. బయటివారు సొమ్ము కోరవచ్చునుగాని లోపలి అంకెను తాకరాదు. నిల్వ చాలనిచో ఖాతాయే నిరాకరించును. ఖాతాలన్నిటికి నమూనాయైనదానికి క్లాసు అని పేరు. తర్కము చదివినవారికి జాతి, వ్యక్తి అను భేదము జ్ఞప్తికి వచ్చును. పొదుపుఖాతా క్లాసు సాధారణఖాతా లక్షణములను వారసత్వముగా గ్రహించి, వడ్డీలెక్కను అదనముగా చేర్చుకొనును.

ఈ పద్ధతికి పుట్టినిల్లు నార్వే. ఆస్లో నగరమున డాల్, నైగార్డ్ అను నిరువురు 1960 దశకమున సిములా అను భాషను నిర్మించిరి. 1967 నాటి సిములాలో క్లాసును, వారసత్వమును కలవు. డెన్మార్కు దేశీయుడగు స్ట్రౌస్ట్రప్ కేంబ్రిడ్జిలో పరిశోధన చేయుచు సిములాలో ప్రోగ్రాము వ్రాసి, దాని పొందికకు ముగ్ధుడయ్యెను; కాని అది మందగతిని నడచెను. బీసీపీఎల్ అను భాషలో తిరిగి వ్రాయగా వేగము వచ్చెను, పొందిక పోయెను. ఆ అనుభవముతో 1979లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో సి భాషకు క్లాసులను జోడింపనారంభించెను. 1983లో దానికి సి ప్లస్ ప్లస్ అను పేరు వచ్చెను. పాతదానిని పారవేయక, దానిపైననే కొత్తదానిని నిలిపిన కృషి యిది.

అభ్యాసకుడు సాధారణముగా చేయు పొరపాటొకటి కలదు. క్లాసు అను మాట వ్రాసి, పాత ప్రోగ్రామునంతను దానిలో కుక్కును. కొత్త బీరువా తెచ్చి, పుస్తకములను వెనుకటివలెనే కుప్పగా పడవేసినట్లగును. తాను స్వయముగా వ్రాసిన చిన్న ప్రోగ్రాము నొకదానిని తీసికొని, అందలి ప్రతి సమాచారమునకును "దీని బాధ్యత ఎవరిది?" అని ప్రశ్నించుకొని తిరిగి వ్రాయుట మేలు.

పాతవిద్య వ్యర్థముగాదు. వస్తువులోపలి ప్రతి విధానమును క్రమము తప్పక అడుగడుగునా ఆలోచించియే వ్రాయవలెను. చిన్నలెక్కకు క్లాసులే అక్కరలేదు. తెలిసినదే చాలునని కూర్చుండువాడు వెనుకబడును. తెలిసినదంతయు పారవేయువాడు మూలధనమును పోగొట్టుకొనును. నడివయసున మరల పలక పట్టుటకు సిగ్గుపడనివానికే రెండు విద్యలును దక్కును.