మెగాహెర్ట్జ్‌ల గొడవ

ఏ గేమ్ కన్సోల్‌లో బొమ్మ బాగుంటుంది, దేనికి దమ్ము ఎక్కువ? ఈ వాదం ఇవాళ్టిది కాదు. 1990ల మొదట్లో అమెరికా మార్కెట్లో సెగా, నింటెండో దీని మీదే బాహాబాహీకి దిగాయి.

సెగా జెనెసిస్ ప్రాసెసర్ వేగం సుమారు 7.6 మెగాహెర్ట్జ్. సూపర్ నింటెండోది 3.58. ఇంకేం, సెగా ఆ వేగానికి ‘బ్లాస్ట్ ప్రాసెసింగ్’ అని పేరు పెట్టి టీవీల్లో ఊదరగొట్టింది. నిజానికి రెండు చిప్‌లూ వేరు వేరు రకాలు. మెగాహెర్ట్జ్‌లు పక్కపక్కన పెట్టి తూచడం కుదరదు. పైగా రంగుల్లో నింటెండోదే పైచేయి. మామూలుగా తెరపై ఒకేసారి 256 చూపగలిగేది, సెగా 64 దాటేది కాదు.

సెగా వాళ్ల సోనిక్ ఆటలో జలపాతం ఉంది చూశారూ, అది ఒకటి విడిచి ఒకటి గీసిన నిలువు గీతలే. ఆనాటి టీవీ కనెక్షన్‌లో ఆ గీతలు అలుక్కుపోయి, నీళ్ల వెనక సోనిక్ మసకగా కనిపించేవాడు. చిప్ చేయలేని పని పాత టీవీ చేసిపెట్టిందన్నమాట!

ఇక 1994లో డాంకీ కాంగ్ కంట్రీ వచ్చింది. బ్రిటన్‌కు చెందిన రేర్ సంస్థ, ఖరీదైన సిలికాన్ గ్రాఫిక్స్ కంప్యూటర్ల మీద త్రీడీ బొమ్మలు ముందే తయారుచేసి, కుదించి, ఆ ‘నెమ్మది’ నింటెండోలోకి ఎక్కించింది. చూసినవాళ్లు నోరెళ్లబెట్టారు.

2020లో మెగాహెర్ట్జ్‌లు పోయి, లెక్కలు చేసే వేగాన్ని కొలిచే టెరాఫ్లాప్‌లు వచ్చాయి: ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌కు 12, ప్లేస్టేషన్ 5కు 10.28. కన్సోల్ కొనబోయేవారు అట్ట మీది అంకె కంటే ముందు, మీకు కావలసిన ఆట అందులో వస్తుందో లేదో చూసుకోండి.